మన జాబితా మనతోనే రావాలి: స్వేచ్ఛా డేటాబేస్‌లతో పరిచయం



మన విద్యాలయంలో చదివే చాలామందికి ఇల్లంటే మూడు నాలుగేళ్లు ఉండే క్వార్టర్. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే అట్టపెట్టెలు వస్తాయి, గోనెసంచులు వస్తాయి. పెట్టెల మీద మార్కర్‌తో అంకెలు వేస్తారు. ఏ పెట్టెలో ఏముందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఈమధ్య ఆ జాబితాను చాలా ఇళ్లలో కంప్యూటర్‌లోనే రాస్తున్నారు. ఈ పాఠంలో ఆ జాబితానే ఉదాహరణగా తీసుకొని రెండు విషయాలు నేర్చుకుందాం. మొదటిది, డేటాబేస్ అంటే ఏమిటి? రెండోది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసుకుంటే కొత్త ఊళ్లో, కొత్త కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంటుంది?

రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌ను రిలీవయ్యే రోజున తిరిగి ఇచ్చేయాలి. అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ మన వెంట రాదు. ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. ఆ ఫైలును తెరవగల సాఫ్ట్‌వేర్ కొత్త చోట లేకపోతే, పెట్టెలన్నీ హాలులో ఉంటాయి, వాటి జాబితా మాత్రం చదవడానికి వీలుకాదు.

1. జాబితా నుంచి పట్టికకు

ఒక కుటుంబం విశాఖపట్నం నుంచి జోధ్‌పూర్‌కు వెళ్తోందనుకుందాం. మొత్తం 42 పెట్టెలు. స్ప్రెడ్‌షీటులో ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వరుస చొప్పున రాశారు: వస్తువు పేరు, పెట్టె సంఖ్య, ఏ గదిలో దించాలి, పెట్టెలో గాజు సామాను ఉందా లేదా.

14వ పెట్టెలో 20 వస్తువులున్నాయి. అంటే “14, వంటిల్లు, గాజు ఉంది” అన్న మాటలు 20 సార్లు రాయాలి. చివరి నిమిషంలో ఆ పెట్టెను వంటింట్లో కాకుండా స్టోరు గదిలో దించాలనుకుంటే 20 చోట్లా దిద్దాలి. 19 చోట్ల దిద్ది ఒకచోట మరచిపోతే, ఒకే పెట్టెకు రెండు గదులు చూపించే జాబితా తయారవుతుంది. అప్పుడు ఏది నిజమో ఆ జాబితాను చూసి చెప్పలేం.

దీనికి మందు, ఒక పట్టికను రెండుగా విడదీయడం.

మొదటి పట్టిక పేరు “పెట్టెలు”. అందులో పెట్టె సంఖ్య, గది, గాజు సామాను ఉందా అనే మూడు గడులుంటాయి. 42 పెట్టెలకు 42 వరుసలు.

రెండో పట్టిక పేరు “వస్తువులు”. అందులో వస్తువు సంఖ్య, పేరు, ఎవరిది, పెట్టె సంఖ్య అనే నాలుగు గడులుంటాయి. ఎన్ని వస్తువులుంటే అన్ని వరుసలు.

ఇప్పుడు 14వ పెట్టె గది మారితే “పెట్టెలు” పట్టికలో ఒక్క చోట దిద్దితే చాలు. “వస్తువులు” పట్టికలోని 20 వస్తువులూ “14” అన్న అంకె ద్వారా ఆ వరుసనే చూస్తాయి కాబట్టి వాటిని ముట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ కొన్ని పేర్లు గుర్తుపెట్టుకుందాం. నిలువు గడిని ఫీల్డ్ అంటారు. అడ్డ వరుసను రికార్డ్ అంటారు. ఒక వరుసను మరో వరుస నుంచి విడిగా గుర్తుపట్టే ఫీల్డ్‌ను ప్రైమరీ కీ అంటారు. “పెట్టెలు” పట్టికలో పెట్టె సంఖ్య ప్రైమరీ కీ. మీ తరగతిలో ఒకే పేరున్న ఇద్దరుండవచ్చు కానీ ఒకే ప్రవేశ సంఖ్య ఇద్దరికి ఉండదు కదా, ఇదీ అలాంటిదే. “వస్తువులు” పట్టికలో కనిపించే పెట్టె సంఖ్య వేరే పట్టిక నుంచి వచ్చింది కాబట్టి అక్కడ దాన్ని ఫారిన్ కీ అంటారు. ఈ బంధాన్ని సరిగా ఏర్పాటు చేస్తే, లేని 43వ పెట్టెలో వస్తువు ఉందని మీరు రాయబోయినా డేటాబేస్ ఒప్పుకోదు.

సమాచారాన్ని ఇలా పట్టికలుగా, వాటి మధ్య బంధాలుగా అమర్చాలన్న ఆలోచనను 1970లో ఎడ్గర్ ఎఫ్. కాడ్ అనే గణితవేత్త ఒక పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించాడు. ఇంగ్లండులో పుట్టిన ఆయన అప్పుడు అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్నాడు. బ్యాంకులు మొదలుకొని రైల్వే రిజర్వేషన్ దాకా నేడు మనకు ఎదురయ్యే చాలా వ్యవస్థల వెనుక ఆ ఆలోచన ఉంది.

2. పట్టికను ప్రశ్న అడగడం

పట్టిక రాసుకోవడం సగం పనే. కొత్త క్వార్టర్‌కు చేరిన మొదటి రాత్రి కావలసినవి కొన్నే ఉంటాయి: ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా, దుప్పట్లు, తాతయ్య మందులు. అవి ఏ పెట్టెల్లో ఉన్నాయో వెంటనే తెలియాలి. డేటాబేస్‌ను ఇలా అడగడాన్ని క్వెరీ అంటారు.

అడగడానికి ఒక భాష ఉంది. దాని పేరు ఎస్.క్యూ.ఎల్. కాడ్ ఆలోచన ఆధారంగా ఐ.బి.ఎం.లోనే పనిచేసిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో దీని తొలి రూపాన్ని ప్రకటించారు. 1986లో ఇది అమెరికాలో ప్రమాణంగానూ, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగానూ గుర్తింపు పొందింది. ఒక వాక్యం చూద్దాం.

సెలెక్ట్ పెట్టె_సంఖ్య ఫ్రమ్ వస్తువులు వేర్ పేరు = 'ప్రెషర్ కుక్కర్';

ఇందులో సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అనే మూడు ఆజ్ఞలను కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మిగతావి మనం పెట్టిన పేర్లు, అవి తెలుగులోనే ఉండవచ్చు. తెలుగులో చదివితే దాని అర్థం ఇది: “వస్తువులు పట్టికలో, పేరు ప్రెషర్ కుక్కర్ అయిన వరుసను వెతికి, దాని పెట్టె సంఖ్య చూపించు.”

రెండు పట్టికలనూ కలిపి అడగడం కూడా సాధ్యమే. “గాజు సామాను ఉన్న పెట్టెల్లోని వస్తువులన్నీ చూపించు” అంటే జవాబు సగం ఒక పట్టికలో, సగం మరో పట్టికలో ఉంది. జాయిన్ అనే ఆజ్ఞ పెట్టె సంఖ్య ఆధారంగా రెండింటినీ జతచేసి జవాబిస్తుంది.

ఎస్.క్యూ.ఎల్. ప్రమాణ భాష కావడం వల్ల మనకొక లాభముంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న ఈ వాక్యాలు కొద్ది మార్పులతో మరో సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ మారినా నేర్చుకున్న చదువు వృథా కాదు.

3. ఫైలు మనది, తాళం ఎవరిది?

సొంత కంప్యూటర్‌లో డేటాబేస్ తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్ డేటాబేస్ అంటారు. 1980లలో ఆష్టన్-టేట్ సంస్థ అమ్మిన డీబేస్ ఇందులో పేరు పొందింది. తరువాత ఫాక్స్‌ప్రో వచ్చింది. మన దేశంలో ఎన్నో చిన్న ఆఫీసులు, దుకాణాలు జీతాల పట్టికలకూ, సరుకుల లెక్కలకూ ఫాక్స్‌ప్రో వాడాయి. ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 1992లో కొనుక్కుంది. అదే ఏడాది తన సొంత డేటాబేస్ అయిన యాక్సెస్‌నూ విడుదల చేసింది.

విజువల్ ఫాక్స్‌ప్రో చివరి రూపం 9వది, 2004లో వచ్చింది. ఇక కొత్తది రాదని 2007లో సంస్థ చెప్పింది. 2015 జనవరితో దానికి సహాయం అందించడం కూడా ఆపేసింది. అమ్మేవారు తమ లాభనష్టాలు చూసుకొని ఒక సరుకును ఆపేయడం వ్యాపారంలో మామూలే, అది తప్పని మేము అనడం లేదు. కానీ ఆ సరుకు మీద తమ లెక్కలన్నీ నిలబెట్టుకున్న వాళ్ల సంగతి ఏమిటి? ఫాక్స్‌ప్రోను నడిపించడం కొనసాగించాలనుకున్నా, దాని మూలం తమ చేతిలో లేదు కాబట్టి వాళ్లు దాన్ని బాగుచేసుకోలేరు.

యాక్సెస్ మంచి సాఫ్ట్‌వేర్. ఫారాలు, నివేదికలు సులువుగా తయారుచేయడంలో దానికి మంచి పేరుంది. అయితే అది విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. డేటాబేస్‌ను తయారుచేయాలన్నా, దాని నిర్మాణాన్ని మార్చాలన్నా లైసెన్స్ కొనాలి. తయారైన దాన్ని నడిపించుకోవడానికి మాత్రం రన్‌టైమ్ అనే రూపం ఉచితంగా దొరుకుతుంది. దానికీ విండోసే కావాలి.

బదిలీలున్న ఇళ్లకు ఇది అసలైన చిక్కు. ఒక ఊళ్లో ఇంట్లో విండోస్ ఉంటుంది. మరో ఊళ్లో పాఠశాల కంప్యూటర్ గదిలో సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంటుంది. కేరళకు బదిలీ అయి అక్కడి ప్రభుత్వ పాఠశాల పిల్లలతో స్నేహం చేస్తే, వాళ్లు ఏళ్లుగా ఐ.టి. పాఠాలను గ్నూ/లినక్స్ మీదే నేర్చుకుంటున్నారని తెలుస్తుంది. ఒక్క రకం యంత్రం మీద, ఒక్క రకం లైసెన్స్‌తో తెరుచుకునే ఫైలు ఇన్ని చోట్లకు మన వెంట రాలేదు.

4. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో “ఫ్రీ” అనే ఒకే మాటకు డబ్బు లేకుండా దొరికేదనీ, స్వేచ్ఛ ఉన్నదనీ రెండు అర్థాలు. అందుకే ఇంగ్లీషు వాళ్లకు ఈ విషయం విడమరచి చెప్పాల్సి వస్తుంది. తెలుగులో మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. తెలుగు వాళ్లకోసం ఈ రంగంలో పనిచేసే హైదరాబాదు సంస్థ ఒకటి తన పేరుగా “స్వేచ్ఛ”నే పెట్టుకుంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఆ ఉద్యమం ప్రకారం ఒక సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావాలంటే వాడేవారికి నాలుగు హక్కులుండాలి: ఏ పనికైనా వాడుకోవడం, ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చిన దాన్ని కూడా పంచడం. 1998 నుంచి ఓపెన్ సోర్స్ అనే పేరు కూడా వాడుకలోకి వచ్చింది.

కొట్లో కొన్న ఆవకాయ సీసాకూ, అమ్మమ్మ చెప్పిన కొలతలకూ ఉన్న తేడా లాంటిది ఇది. కొన్న ఆవకాయ రుచిగానే ఉండవచ్చు. ఆ కంపెనీ మూతపడితే ఆ రుచి మళ్లీ దొరకదు. కొలతలు తెలిస్తే ఏ ఊళ్లో ఉన్నా కలుపుకోవచ్చు, ఉప్పు తగ్గించుకోవచ్చు, పక్కింటివాళ్లకూ చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు ఆ కొలతల వంటిదే సోర్స్ కోడ్.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉచితంగా దొరికే ప్రతిదీ ఓపెన్ సోర్స్ కాదు. ఫోనులో డబ్బు తీసుకోకుండా వాడనిచ్చే ఎన్నో యాప్‌ల సోర్స్ కోడ్ మనకు ఇవ్వరు. కాబట్టి ధరను కాదు, లైసెన్స్‌ను చూడాలి.

మన దేశ ప్రభుత్వం కూడా ఈ దారిని గుర్తించింది. ఈ-పాలనలో ఓపెన్ ప్రమాణాలు వాడాలన్న విధానాన్ని 2010లోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానాన్ని 2015లోనూ ప్రకటించింది.

5. మన ముందున్న ప్రత్యామ్నాయాలు

లిబ్రేఆఫీస్ బేస్: యాక్సెస్‌కు దగ్గరగా ఉండేది ఇదే. పట్టికలు, క్వెరీలు, ఫారాలు, నివేదికలు నాలుగూ ఇందులో ఉన్నాయి. 2005లో ఓపెన్‌ఆఫీస్ 2.0తో బేస్ వచ్చింది. 2010లో ఆ బృందంలోని చాలామంది విడిగా వచ్చి లిబ్రేఆఫీస్‌ను మొదలుపెట్టారు. ఒక సంస్థ నిర్ణయాలు నచ్చకపోతే అదే సోర్స్ కోడ్‌తో పని కొనసాగించగలగడం స్వేచ్ఛా లైసెన్స్ వల్లే సాధ్యమైంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఇది నడుస్తుంది. సి.బి.ఎస్.ఇ. పదో తరగతి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పాఠాల్లో డేటాబేస్ భాగాన్ని బేస్‌తోనే నేర్పుతారు, అందువల్ల మీలో కొందరికి ఇది ముందే తెలిసి ఉంటుంది.

పెట్టెల జాబితాను ఇందులో తయారుచేయాలంటే ఫైల్ మెనూలో న్యూ, అందులో డేటాబేస్ ఎంచుకోవాలి. పేరు పెట్టి భద్రపరచాక, టేబుల్స్ దగ్గర డిజైన్ వ్యూలో ఒక్కొక్క ఫీల్డ్ పేరు, రకం రాయాలి. పెట్టె సంఖ్య వరుస మీద కుడి బటన్ నొక్కి ప్రైమరీ కీ చేయాలి. తరువాత టూల్స్ మెనూలోని రిలేషన్‌షిప్స్‌లో ఒక పట్టిక నుంచి మరో పట్టికకు పెట్టె సంఖ్యను లాగి కలపాలి.

బేస్‌కు లోపాలు లేకపోలేదు. మామూలుగా అది లోపల వాడే హెచ్.ఎస్.క్యూ.ఎల్.డి.బి. అనే యంత్రాంగానికి కంప్యూటర్‌లో జావా ఉండాలి. పని మధ్యలో కరెంటు పోతే చివరగా చేసిన మార్పులు పోయే ప్రమాదముంది. కాబట్టి తరచుగా సేవ్ చేస్తూ ఉండాలి.

ఎస్.క్యూ.లైట్: దీన్ని 2000లో డి. రిచర్డ్ హిప్ రాశాడు. అమెరికా నౌకాదళానికి చెందిన ఒక యుద్ధనౌక సాఫ్ట్‌వేర్ పని చేస్తుండగా, వేరే సర్వర్ అక్కర్లేకుండా పనిచేసే డేటాబేస్ ఉండాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది. దీనిలో డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలే. ఆ ఫైలును కాపీ చేసుకుంటే అన్నీ వచ్చేసినట్టే. దీనిపై ఎవరికీ కాపీహక్కు లేదు, రచయితలు దాన్ని లోకానికి వదిలేశారు. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే ఎస్.క్యూ.లైట్ ఇప్పటికే అందులో ఉంది. ఫైర్‌ఫాక్స్ మీ బుక్‌మార్కులను దాచుకునేదీ ఇందులోనే. 2050 వరకు దీన్ని కొనసాగించాలన్నది తమ ఉద్దేశమని దాని రచయితలు ప్రకటించారు. సమాచారాన్ని దీర్ఘకాలం భద్రపరచడానికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సిఫారసు చేసే ఫార్మాట్లలో ఇదీ ఒకటి.

ఎస్.క్యూ.లైట్‌కు సొంతంగా బొమ్మలు, బటన్లు ఉన్న తెర లేదు. అందుకు డి.బి. బ్రౌజర్ ఫర్ ఎస్.క్యూ.లైట్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. పట్టిక తయారుచేయడం, నింపడం, క్వెరీ రాసి చూడడం అన్నీ అందులో చేయవచ్చు. మార్పులు ఫైలులోకి ఎక్కాలంటే రైట్ ఛేంజెస్ బటన్ నొక్కాలని మరువకండి. అందమైన ఫారాలు, ముద్రించే నివేదికలు మాత్రం ఇందులో దొరకవు.

కెక్సీ: కె.డి.ఇ. బృందానికి చెందిన కాలిగ్రా అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ కుటుంబంలోది. యాక్సెస్ అలవాటున్నవారికి ఇది పరిచయమున్నట్టే అనిపిస్తుంది. లోపల సమాచారాన్ని ఎస్.క్యూ.లైట్‌లోనే దాచుతుంది. కొత్త విడుదలలు మాత్రం బేస్‌కు వచ్చినంత తరచుగా రావు.

మరియాడిబి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: ఒకేసారి చాలామంది వాడే డేటాబేస్‌లకు ఇవి తగినవి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలాలు 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధనలో ఉన్నాయి. మై ఎస్.క్యూ.ఎల్. 1995లో వచ్చింది, 11, 12 తరగతుల ఇన్ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్‌లో మీరు చదివేది అదే. అది చేతులు మారి ఒరాకిల్ సంస్థకు చేరుతున్న రోజుల్లో, దాని రచయితల్లో ఒకరైన మైకేల్ విడెనియస్ అదే సోర్స్ కోడ్‌తో మరియాడిబిని మొదలుపెట్టాడు. ఆ రెండు పేర్లలోని మై, మరియా ఆయన కూతుళ్ల పేర్లు.

వీటితో ఎంత పని చేయవచ్చో ఒక గ్రంథాలయం కథ చెబుతుంది. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేనిది. వాళ్లు కొత్తది రాయించుకున్నారు. దాన్ని తమ దగ్గరే దాచుకోకుండా స్వేచ్ఛా లైసెన్స్‌తో అందరికీ ఇచ్చారు. దానికి పెట్టిన పేరు కోహా. మావోరి భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను నేడు మన దేశంలోని ఎన్నో కళాశాలల గ్రంథాలయాలు వాడుతున్నాయి. అది పుస్తకాల వివరాలను దాచేది మై ఎస్.క్యూ.ఎల్. లేదా మరియాడిబిలోనే.

6. ఏది ఎంచుకోవాలి?

ఇంటి సామాన్ల జాబితా, స్నేహితుల చిరునామాలు, సొంత పుస్తకాల పట్టిక వంటి వాటికి ఎస్.క్యూ.లైట్ చాలు. తరగతి గ్రంథాలయం రిజిస్టరులా ఫారం నింపి, నివేదిక ముద్రించాల్సిన పని ఉంటే బేస్ తీసుకోండి. విద్యాలయంలో నాలుగు గదుల నుంచి ఒకేసారి నలుగురు రాయాలంటే మరియాడిబి లేదా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కావాలి, దాన్ని ఏర్పాటు చేయడానికి ఉపాధ్యాయుల సహాయం తీసుకోవాలి. ఇంట్లో యాక్సెస్ ఉండి, అది బాగా అలవాటై ఉంటే దాన్ని వాడటంలో తప్పులేదు. కాకపోతే అందులోని పట్టికలను అప్పుడప్పుడు బయటకు తీసి మరో రూపంలోనూ దాచండి. ఎలాగో ఇప్పుడు చూద్దాం.

7. పాత ఫైలును విడిపించడం

సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి చేర్చే అతి సులువైన వాహనం సి.ఎస్.వి. ఫైలు. అందులో ఉండేది ఒట్టి అక్షరాలే. ఒక రికార్డుకు ఒక వరుస, ఫీల్డుకూ ఫీల్డుకూ మధ్య కామా. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవవచ్చు.

మొదటి మెట్టు: యాక్సెస్‌లో పట్టికను ఎంచుకొని, ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ భాగంలోని టెక్స్ట్ ఫైల్ నొక్కాలి. అడ్వాన్స్‌డ్ అన్న చోట యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వచ్చే అవకాశముంది.

రెండో మెట్టు: ప్రతి పట్టికకూ ఇలాగే ఒక్కొక్క సి.ఎస్.వి. ఫైలు తీయాలి.

మూడో మెట్టు: డి.బి. బ్రౌజర్‌లో కొత్త డేటాబేస్ తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ద్వారా ఆ ఫైళ్లను పట్టికలుగా తెచ్చుకోవాలి.

నాలుగో మెట్టు: ప్రైమరీ కీ, ఫారిన్ కీలను మళ్లీ పెట్టాలి. ఇవి సి.ఎస్.వి.లో రావు.

ఐదో మెట్టు: పాతదానిలో ఎన్ని రికార్డులున్నాయో, కొత్తదానిలోనూ అన్నే ఉన్నాయో లెక్కపెట్టి చూడాలి. మధ్యలో నుంచి నాలుగైదు రికార్డులు తీసి పోల్చాలి.

పట్టికల్లోని సమాచారం ఇలా వస్తుంది కానీ యాక్సెస్‌లో తయారుచేసిన ఫారాలు, నివేదికలు, మాక్రోలు రావు. వాటిని కొత్తగా చేసుకోవాల్సిందే. అందుకే పెద్ద డేటాబేస్ ఉన్నవారు ఒక్కరోజులో మారిపోలేరు. పని మొదలుపెట్టే రోజునే ఫార్మాట్ గురించి ఆలోచిస్తే తరువాత ఈ శ్రమ ఉండదు.

సి.ఎస్.వి.లో మరో రెండు మెలకువలు. ప్రవేశ సంఖ్య 0457 వంటిది ఉంటే ఆ ఫీల్డ్ రకాన్ని అంకెగా కాక అక్షరంగా పెట్టాలి. అంకె అనుకుంటే ముందున్న సున్నా పోయి 457 మిగులుతుంది. తేదీని 05/06/2024 అని రాస్తే అది జూన్ 5 కావచ్చు, మే 6 కావచ్చు. 2024-06-05 అని ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే అనుమానానికి తావుండదు. పైగా ఆ వరుసలో రాసిన తేదీలు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి.

8. తెలుగులో రాసుకుంటే

ఇంట్లో మాట్లాడే మాటల్లోనే జాబితా రాసుకుంటే అమ్మమ్మ కూడా చదవగలదు. అయితే తెలుగును యూనికోడ్‌లో కొట్టాలి. యూనికోడ్ వ్యాపించక ముందు డి.టి.పి. కేంద్రాల్లో వాడిన ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా, ఫైలు లోపల ఉండేవి వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికినా దొరకవు. అదీ ఒక రకమైన తాళమే.

యూనికోడ్‌లో కూడా ఒక చిన్న విశేషముంది. మన అక్షరమాలలో ళ హ తరువాత వస్తుంది. యూనికోడ్ సంకేతాల వరుసలో మాత్రం ల పక్కనే, వ కంటే ముందు ఉంది. ఎస్.క్యూ.లైట్ మామూలుగా సంకేతాల వరుసనే పాటిస్తుంది. అందుకే వస్తువుల పేర్లను క్రమంలో పెట్టమంటే “గళ్ల దుప్పటి” ముందు, “గవ్వల డబ్బా” తరువాత వస్తాయి. అక్షరమాల ప్రకారమైతే గవ్వల డబ్బాయే ముందుండాలి. ఓపెన్ సోర్స్ కాబట్టి, ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాక ఈ వరుసను మనకు కావలసినట్టు మార్చే భాగాన్ని మీరే రాసి చేర్చవచ్చు. అలా చేర్చుకునే వీలు ఎస్.క్యూ.లైట్‌లో ఉంది.

9. కాపాడుకోవడం

ఫైలు ఒకే చోట ఉంటే అది లేనట్టే లెక్క. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరేచోట ఉంచండి. ప్రయాణంలో పెన్‌డ్రైవ్‌ను సామాను లారీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. డేటాబేస్ ఫైలుతో పాటు సి.ఎస్.వి. ప్రతులనూ ఉంచండి. ఇరవై ఏళ్ల తరువాత ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా వాటిని చదవవచ్చు.

ఓపెన్ ఫార్మాట్ అంటే ఫైలు అందరికీ చూపించాలని కాదు. ఫార్మాట్ అందరిదీ, సమాచారం మనది. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు ఈ జాబితాల్లో రాయవద్దు. స్నేహితుల ఫోను నంబర్లు, చిరునామాలు దాచుకునేటప్పుడు వాళ్లను అడిగి తీసుకోండి, వాళ్ల అనుమతి లేకుండా ఆ పట్టికను ఇతరులకు పంపకండి.

సాఫ్ట్‌వేర్‌ను కూడా దాని సొంత వెబ్‌సైటు నుంచి గానీ, లినక్స్ అయితే దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ భాండారం నుంచి గానీ మాత్రమే తీసుకోండి. పాఠశాల కంప్యూటర్లలో ఉపాధ్యాయుల అనుమతి లేకుండా ఏదీ ఎక్కించవద్దు.

అభ్యాసం

1. మీ బీరువాలోని పుస్తకాలకు ఒక డేటాబేస్ తయారుచేయండి. “పుస్తకాలు”, “రచయితలు” అనే రెండు పట్టికలు ఉండాలి. ఏ ఫీల్డ్ ప్రైమరీ కీ, ఏది ఫారిన్ కీ?

2. ఒకే పుస్తకాన్ని ఇద్దరు రచయితలు కలిసి రాస్తే మీ పట్టికలు సరిపోతాయా? మూడో పట్టిక అవసరమవుతుందేమో ఆలోచించండి.

3. అందులోని తెలుగు పుస్తకాల పేర్లు మాత్రమే చూపించే క్వెరీ రాయండి.

4. మీ డేటాబేస్‌ను సి.ఎస్.వి.గా బయటకు తీసి, వేరే ఆపరేటింగ్ సిస్టం ఉన్న కంప్యూటర్‌లో తెరవండి. ఏమేమి వచ్చాయి, ఏమేమి రాలేదు? రెండు జాబితాలు రాయండి.

5. మీ ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఇప్పుడు తెరుచుకోని ఫైలు ఏదైనా ఉందేమో పెద్దవాళ్లను అడగండి. అది ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారైంది? దాన్ని తెరిచే ఓపెన్ సోర్స్ మార్గం ఉందేమో మీ కంప్యూటర్ ఉపాధ్యాయులతో కలిసి వెతకండి.